సరకు లేని రసీదులు

ఇథీరియం ఖాతాలోని నాణెం నేరుగా సొలానా ఖాతాకు పోదు. రెండూ వేర్వేరు బ్లాక్‌చైన్లు. నాణేన్ని ఇథీరియంలో తాళం వేసి, దాని పేర సొలానాలో రసీదు నాణెం పుట్టిస్తారు. ఈ ఏర్పాటునే బ్రిడ్జి అంటారు. గిడ్డంగిలో బస్తాలు వేసి, రసీదు మీద సొమ్ము తెచ్చుకునే వర్తకులకు ఈ పద్ధతి వింతేమీ కాదు.

ప్రమాదమూ పాతదే. 2022 ఫిబ్రవరిలో వార్మ్‌హోల్ అనే బ్రిడ్జిలో సంతకాల తనిఖీలో ఉన్న లోపం ఆసరాగా, ఇథీరియం వైపు ఏమీ జమ చేయకుండానే, ఎవరో 1,20,000 రసీదు నాణేలు పుట్టించుకున్నారు. విలువ సుమారు 32 కోట్ల డాలర్లు. జంప్ క్రిప్టో సంస్థ ఆ లోటు పూడ్చబట్టి బజారు గట్టెక్కింది. ప్రతిసారీ అలాంటి ఆసామీ దొరకడు!

ఇప్పుడు డెవలపర్లు ఈ మార్పిడులను స్వయంచాలక ప్రోగ్రాములకు అప్పగిస్తున్నారు. ఎంత కావాలో, ఏ ధరకో చెబితే చాలు, దారి అవే వెదుక్కుంటాయి. చౌక దారి చూడమంటే చౌక దారే చూస్తాయి. గిడ్డంగిలో నిలవ ఉన్నదీ లేనిదీ అడగవు. కొనుగోళ్లకు పంపే గుమాస్తాకైనా షావుకారు ఇంతకు మించవద్దని చెప్పి పంపుతాడు. ఏ బ్రిడ్జి వాడాలి, దఫాకు ఎంత దాటించాలి అన్న హద్దు ప్రోగ్రాములోనే ముందుగా రాసి తీరాలి. ఒకవైపు ఖర్చు పడి, రెండోవైపు జమ రాకపోతే తగవు తీర్చే క్లియరింగ్ హౌస్ ఈ బజారులో లేదు.