ఫార్మాట్ కొట్టించే ముందు

హాస్టల్లో కంప్యూటర్ ఆన్ కాకపోతే వెంటనే వినపడే మాట "ఫార్మాట్ కొట్టించాలి" అని. సీపీయూను ఆటోలో వేసుకుని దిల్‌సుఖ్‌నగర్‌కో ఎల్బీనగర్‌కో పోతారు. డబ్బులు పోతే పోయాయి. వాటితో పాటు ఏడాదంతా టైపు చేసిన ప్రాజెక్టు రికార్డు, స్కాన్ చేసి పెట్టుకున్న కులం, ఆదాయం సర్టిఫికెట్లు కూడా పోతాయి. సొంత ల్యాప్‌టాప్ ఉన్నవాడికి ఇంకో కాపీ ఉంటుంది. మనకు ఆ ఒక్క డబ్బాయే దిక్కు.

షాపువాళ్లను తిట్టి లాభం లేదు. వాళ్ల ముందు పది సీపీయూలు వరసలో ఉంటాయి, ఫార్మాట్ అయితే తొందరగా తెమిలే పని. ఫైళ్లు కావలసింది మనకు.

తమ్ముళ్లూ, విండోస్ తెరుచుకోనంత మాత్రాన లోపలి ఫైళ్లు పోయినట్టు కాదు. మౌసు, బొమ్మలు లేకుండా టైపు చేసిన మాటతో పనిచేసే నల్ల స్క్రీన్ ఒకటుంది, కమాండ్ ప్రాంప్ట్. పాత బ్యాచ్ అన్నలు నేర్చుకున్న డాస్ లాంటిదే. విండోస్ 7 దాకా ఆన్ అవుతుండగా ఎఫ్8 నొక్కితే ఆ దారి దొరికేది. విండోస్ 8 నుంచి ఎఫ్8 మామూలుగా పనిచెయ్యదు. లాగిన్ దాకా వస్తే షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ కొట్టాలి. అదీ రాకపోతే విండోస్ సెటప్ ఉన్న పెన్‌డ్రైవ్‌తో ఆన్ చేసి రిపేర్‌లోకి వెళ్లాలి. ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, కమాండ్ ప్రాంప్ట్. మన సీ డ్రైవు అక్కడ డీ అని కనపడొచ్చు, కంగారు పడొద్దు. నోట్‌ప్యాడ్ అని టైపు చేసి, ఫైల్, ఓపెన్ నొక్కి, ఆల్ ఫైల్స్ ఎంచుకుంటే డ్రైవులన్నీ కనపడతాయి. అక్కడినుంచే పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోవచ్చు. చెక్‌డిస్క్ లాంటి రిపేర్లు ఆ తర్వాతే. డిస్కే చెడిపోతుంటే రిపేరు మొదలుపెట్టడం వల్లే ఇంకా పాడవ్వొచ్చు. బిట్‌లాకర్ వేసి ఉంటే మాత్రం 48 అంకెల రికవరీ కీ లేకుండా ఏమీ తెరుచుకోదు.

ఇది పాతకాలపు విద్య అంటారా? 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ కంపెనీ పంపిన ఒక తప్పు అప్‌డేట్‌తో ప్రపంచమంతటా సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలం స్క్రీన్‌తో ఆగిపోయాయి. మన శంషాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. అప్పుడు కంపెనీ చెప్పిన ఉపాయం ఏమిటి? సేఫ్ మోడ్‌లోకో రిపేర్‌లోకో వెళ్లి ఆ ఒక్క ఫైలు తీసెయ్యమని. ఫార్మాట్ చెయ్యమని కాదు.

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో దిగితే జావా, పైథాన్ బోర్డులు ఎన్నో. ఆగిపోయిన కంప్యూటర్‌ను లేపడం నేర్పుతామన్న బోర్డు నా కంటపడలేదు. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనే మొదటివాణ్ణి, అడగడానికి ఇంట్లో ఎవరూ లేరు. నాకు ఇది నేర్పింది హాస్టల్ సీనియర్ అన్నే.

వార్డెన్ సార్‌కు నా మనవి ఒకటే. సీపీయూ బయటికి పోయే రిజిస్టర్లో "ఫైళ్లు తీశారా?" అని ఒక గడి పెట్టించండి, సెటప్ పెన్‌డ్రైవ్ ఒకటి ఆఫీసులో ఉంచండి. నేర్పే పని మా పాత విద్యార్థులం చూసుకుంటాం. నెలకో ఆదివారం నేను వస్తాను, కమాండ్ల స్పెల్లింగులు బోర్డు మీద రాసిస్తాను.