చూద్దాం లెండి అన్నాం

"కొవ్వు గడ్డేనమ్మా, చూద్దాం లెండి." పిల్లిని ఒడిలో పెట్టుకుని వచ్చినవాళ్లతో మా పశువైద్యులు ఈ మాట ఎన్నిసార్లు అని ఉంటారో లెక్కలేదు. నేనూ అన్నాను. భుజాల మధ్య రేగిపండంత గడ్డ. నొక్కితే గట్టిగా ఉంది, కదల్లేదు. అయినా అన్నాను. మూడు నెలలకు నిమ్మకాయంత అయింది. అరగంటలో కోసి తీసి బకెట్‌లో వేశాను. పరీక్షకు పంపలేదు. కుట్లు చక్కగా మానాయి. ఆరు వారాలకు అదే చోట మళ్లీ లేచింది. అప్పుడు బయాప్సీ చేయిస్తే ఫైబ్రోసార్కోమా అనే క్యాన్సర్ అని తేలింది.

తెలియక జరిగిందని తప్పించుకోలేం. అమెరికాలోని పెన్సిల్వేనియాలో 1987లో పిల్లులకు రేబిస్ టీకా తప్పనిసరి చేశారు. సూది వేసిన చోట ఈ క్యాన్సర్లు పెరుగుతున్నాయని 1991లోనే అక్కడి పాథాలజిస్టులు రాశారు. వేల పిల్లుల్లో ఒకదానికి వచ్చే జబ్బు ఇది. అందుకని రేబిస్ టీకా మానకూడదు. గడ్డ మీద కన్నేసి ఉంచాలి. గుర్తుంచుకోవడానికి సులువైన లెక్క కూడా ఉంది: 3 నెలలైనా గడ్డ పోకపోయినా, 2 సెంటీమీటర్లు దాటినా, సూది వేసిన 1 నెల తర్వాతా పెరుగుతున్నా చిన్న ముక్క తీసి పరీక్షించాలి. మూడింటిలో ఏ ఒక్కటైనా చాలు.

మరి ఎందుకు చేయలేదు? కాలేజీలో ఆవుల మీదా గేదెల మీదా నేర్చుకున్నాం, ప్రాక్టీసులో కుక్కల మీద చేయి తిరిగింది. కుక్కకు కొవ్వు గడ్డ మామూలే. పిల్లిని చిన్న కుక్క అనుకున్నాం. పేరు తెలియని గడ్డను కోయడం పెద్ద తప్పు. ఈ కణితి కంటికి కనబడనంత దూరం కండరాల పొరల్లోకి వేళ్లు చాస్తుంది. ముందే తెలిస్తే స్కాన్ తీసి, చుట్టూ 3 నుంచి 5 సెంటీమీటర్ల మంచి కండతో సహా, అడుగు పొరలతో కలిపి తీయొచ్చు. బాగా తీసే అవకాశం మొదటి కోతకే ఎక్కువ. దాన్ని నేను అరగంటలో పాడుచేశాను.

ఇంకో తప్పు సూది వేసేటప్పుడే జరుగుతోంది. చేతికి అందుతుందని మెడ వెనకే పొడుస్తాం. కాలి కింది భాగంలో వేస్తే, గడ్డ వచ్చినా కాలు పోతుందేమో గానీ ప్రాణం దక్కవచ్చు.

చివరిసారి వచ్చినప్పుడు ఆ పిల్లి యజమానురాలు టీకా కార్డు కూడా తెచ్చింది. తేదీలన్నీ ఉన్నాయి. సూది ఎక్కడ వేశామన్నది మాత్రం రాసి లేదు. ఆ చేతిరాత నాదే.