యాక్సెస్ పాయింటు ఎవరి కొరకు?

కళాశాల కార్యాలయములోని పాత వైర్‌లెస్ పరికరములను తీసివేసి క్రొత్త యాక్సెస్ పాయింట్లు అమర్చవలెనను ఆలోచన కమిటీ పెద్దలకు కలిగినందుకు ముందుగా మా హర్షమును తెలుపుకొనుచున్నాము. అయితే ధనము వెచ్చించుటకు ముందే ఒక ప్రశ్నకు సమాధానము చెప్పుకొనవలసియున్నది. ఈ సదుపాయము ఎవరి కొరకు?

కార్యాలయపు సంగతి కార్యాలయమునకే అనుకొనుట పొరపాటు. 2016 నుండి మన రాష్ట్రమున డిగ్రీ ప్రవేశములు దోస్త్ ద్వారా జరుగుచున్నవి. ఉపకార వేతనముల దరఖాస్తులు ఈపాస్ ద్వారా పోవుచున్నవి. వేంసూరు నుండియో దమ్మపేట నుండియో బస్సెక్కి వచ్చిన విద్యార్థిని గుమాస్తాగారి బల్ల యెదుట నిలిచియుండగా, తెరమీద చక్రము తిరుగుచునే యున్నచో ఆమె మరియొక దినము రావలెను. వెంట వచ్చిన తండ్రికి ఆనాటి కూలి పోవును. కనుక నెమ్మదించిన యంత్రమునకు మూల్యము చెల్లించువాడు పేదవాడే.

వైర్‌లెస్ జాలము విద్యాలయమునకు పరాయిది కాదు. 1971లో హవాయి విశ్వవిద్యాలయమువారు దీవుల నడుమ రేడియో తరంగములతో కంప్యూటర్లను కలిపిరి. నేటి వైఫైకి తొలి ప్రమాణము 1997లో వెలువడినది. నాటి వేగము సెకనుకు 2 మెగాబిట్లు మాత్రమే. 2021లో ఆమోదము పొందిన వైఫై 6 ప్రమాణమునకు గరిష్ఠ వేగము, లెక్క ప్రకారము, 9,600 మెగాబిట్లు.

కాని వేగముకన్న ముఖ్యమైనది పంపకము. పాత పరికరము ఒక్క తక్కెడ గల చౌకధరల దుకాణము వంటిది. ఒకరికి తూచి ఇచ్చువరకు తక్కినవారు నిలువవలసినదే. వైఫై 6 పరికరము ఒకే పర్యాయమున పలువురికి కొంత కొంత పంచగలదు. జనసమ్మర్దముగల చోటనే దాని ప్రయోజనము. అట్టి చోటు మన కళాశాలలో ప్రిన్సిపాలుగారి గది కాదు. దరఖాస్తుల బల్ల, గ్రంథాలయము.

యంత్రము కొనినంతనే పని పూర్తికాదు. గోడలోని తీగ పాతదైనచో క్రొత్త యంత్రము దానిని మించి పరుగెత్తజాలదు. 5 గిగాహెర్ట్జ్ తరంగములు వేగవంతములే గాని మందపు గోడలను 2.4 గిగాహెర్ట్జ్ తరంగములవలె దాటజాలవు. కావున ఇనుప బీరువా వెనుక గాక, జనులుండు చోట పైకప్పునకు అమర్చవలెను. జాలపు తీగ ద్వారానే కరెంటు తీసుకొను పరికరములను ఎన్నుకొనినచో ఒక్క ఇన్వర్టరుతో అన్నియు నడచును. మన గనుల బొగ్గు విద్యుత్ కేంద్రములకు పోవుచున్నను, గాలివాన వచ్చినప్పుడు కరెంటు పోవుట మనకు క్రొత్త కాదు గదా!

భద్రత విషయమున ఉదాసీనత తగదు. విద్యార్థుల ఆధార్, బ్యాంకు ఖాతాల సంఖ్యలు ఈ జాలము మీదుగనే పోవుచున్నవి. పూర్వపు రక్షణ పద్ధతిలోని లోపము 2017లో బయటపడినది. 2018లో డబ్ల్యుపిఎ 3 వచ్చినది. దానిని వాడుటయే గాక, కార్యాలయమునకొక జాలమును, విద్యార్థులకొక జాలమును వేరుపరచవలెను. రెండును ఒకే యంత్రము నుండి నడుపవచ్చును. విద్యార్థులకు ఇచ్చినచో దుర్వినియోగమగునని శంకించువారికి ఇదియే మా సమాధానము.

తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో, ఉర్దూ వికీపీడియా 2004 జనవరిలో ఆరంభమైనవి. ఈ రెండు భాషల నీడలో చదువుకొనుచున్న మనము మన గ్రంథాలయమున కూర్చుండి వానిని తెరువలేకపోవుట ఉచితమా?

నిధులు పరిమితములని మేమెరుగుదుము. కావున మా విన్నపము స్వల్పమే. పది పరికరములు కొనలేకున్న రెండే కొనుడు. కాని మొదటిది దరఖాస్తుల బల్లకడను, రెండవది గ్రంథాలయమునను అమర్చుడు. పెద్దల గదులకు తరువాతి సంవత్సరము వచ్చినను నష్టములేదు. ఉపకార వేతనమునకు గడువు మాత్రము మరల రాదు.