సాహస చిత్రములకు స్వర్ణయుగ మెద్ది?

ఆక్షన్ చిత్రములని పేరొందిన సాహస చలనచిత్రములకు 1980 మొదలు 1989 వఱకు గల దశాబ్దమే స్వర్ణయుగమని పలువురు వాదింతురు. మన పై తరగతుల బాలుర నోటను ఈ మాట తఱచుగా వినబడుచున్నది. దీనిని నేను అంగీకరింపజాలను. ఐనను వారి పక్షమున గల న్యాయమును ముందుగా నొప్పుకొందును.

1982లో ఫస్ట్ బ్లడ్, 1984లో టెర్మినేటర్, 1988లో డై హార్డ్ వెలువడినవి. హాంగ్‌కాంగు నటుడు జాకీ చాన్ 1985 నాటి పోలీస్ స్టోరీలో, ఒక పెద్ద అంగడి మేడలో విద్యుద్దీపములు చుట్టిన స్తంభమును పట్టుకొని పై యంతస్తునుండి జాఱి, చేతులు కాలగా క్రింద బడెను. కంప్యూటరుతో బొమ్మలు కల్పించు విద్య బలపడినది 1991 నాటి రెండవ టెర్మినేటరును, 1993 నాటి జురాసిక్ పార్కును వచ్చిన పిమ్మటనే. అంతకు మునుపు తెరమీద దూకినవాడు చాలవఱకు నిజముగా దూకినవాడే. ఇప్పటి చిత్రములలో మనుష్యులకు బరువు లేదనియు, దూదిపింజలవలె నెగురుచున్నారనియు ఒక విద్యార్థి నాతో ననెను. చక్కని పరిశీలనయే.

అయితే ఆ బరువు నెవరు మోసిరి? 1982 జూలై 23వ తేదీన, అర్ధరాత్రి దాటిన పిమ్మట, కాలిఫోర్నియాలో ట్విలైట్ జోన్ అను చిత్రమునకై యుద్ధ దృశ్యమును తీయుచుండిరి. ప్రేలుడు మందుల ధాటికి హెలికాప్టరు అదుపు దప్పి కూలెను. విక్ మారో అను నటుడును, అతడు చంకల నెత్తుకొని యేఱు దాటుచుండిన యిద్దరు బిడ్డలును మరణించిరి. ఒకరికి ఆఱేండ్లు, వేఱొకరికి ఏడేండ్లు. చట్టము కోరు అనుమతి లేకయే వారిని ఆ పనికి కుదిర్చిరి. విచారణ జరిగి, దర్శకుడును మఱి నలుగురును 1987లో నిర్దోషులుగా విడుదలయైరి. ఇది యెఱిగిన తల్లిదండ్రులు ఆ దశాబ్దమును బంగారమని పిలుతురా?

ప్రాణాపాయము లేనిదే రక్తి లేదందురేమో. 1923 నాటి సేఫ్టీ లాస్ట్ చూడుడు. హెరాల్డ్ లాయిడ్ గడియారపు ముల్లు పట్టుకొని వీధిపై వ్రేలాడుచుండ, నేటికిని చూపరుల గుండె ఝల్లుమనును. నిజమునకు, మేడల కప్పులమీద ఉత్తుత్తి గోడ కట్టి, క్రింద పఱుపులు పఱచిన వేదిక నుంచి, దూరమున వీధి కానవచ్చునట్లు కెమేరాను నిలిపిరి. 1919లో ఒక బాంబు ప్రేలి లాయిడు కుడిచేతి బొటనవ్రేలును చూపుడువ్రేలును పోయియుండెను. ఆ లోపమును చేతితొడుగున దాచి యతడు నటించెను. ఆ దశాబ్దముననే, 1928లో, బస్టర్ కీటన్ ఇంటి ముందుగోడ తనమీద కూలుచుండగా, కిటికీ సందు తన తలమీదుగా దిగునట్లు కదలక నిలిచెను. అది లెక్క నేర్పో, మొండితనమో నాకు తేలదు. నాకు లాయిడు గోడయే మెఱుగు.

అమెరికా చలనచిత్ర అకాడమీ 1929 నుండి బహుమతులిచ్చుచున్నను, స్టంటుల రూపకల్పనకు బహుమతి నేర్పఱతుమని 2025లో గాని ప్రకటింపలేదు. 2027లో వెలువడు చిత్రములకు, 2028లో, దానిని మొదటిసారి యొసగుదురట. ఏ చిత్రమున కిత్తురో చూచిన పిమ్మట మన బాలురతో మరల వాదించెదను.