రథచక్రం కుంగితే ఓటమేనా?

ఈ వారం సినిమా కబుర్ల మధ్య ఒక పంచాయతీ. తీర్పు మాత్రం మీదే సుమా!

మొన్న కారేపల్లిలో మా అక్కయ్యగారింటికి వెళ్ళాను. డోర్నకల్ నుంచి భద్రాచలం రోడ్ పోయే రైలు మార్గంలో ఉన్న ఊరది. ఇంటర్ చదివే మా మేనల్లుడు ఎదురొచ్చి సంచీ అందుకుంటాడనుకుంటే, అరుగు మీద ముఖం మాడ్చుకుని కూర్చున్నాడు. సంగతేమిటయ్యా అంటే సెల్‌ఫోన్లో గోల్ఫు! గోల్ఫు మైదానం వాడు కళ్ళతో చూసి ఎరగడు. అయితేనేం, ఏ దేశంలోనో ఉన్న ఆసామితో చెరో వంద నాణేలు పందెం కాసి ఆడుతున్నాడు. (ఆ నాణేలు ఆటలోవే లెండి, అంగట్లో చెల్లవు.) ఆఖరి గుంట. బంతి జానెడు దూరంలో ఉంది. వేలితో అలా నెడితే గెలుపే. సరిగ్గా అప్పుడు సిగ్నలు పోయింది! తిరిగొచ్చేసరికి ఓడిపోయావని తెరమీద రాసి ఉంది.

"తప్పు కొట్టి ఓడితే ఒప్పుకుంటా మామా. సిగ్నల్ పోతే నేనెట్ల ఓడినట్టు?" అన్నాడు.

నాకు చప్పున 'దాన వీర శూర కర్ణ' గుర్తొచ్చింది. 1977లో ఎన్.టి.రామారావు కర్ణుడు, దుర్యోధనుడు, కృష్ణుడు మూడు పాత్రలూ తానే వేసి తీసిన చిత్రం. కర్ణుడి రథచక్రం నేలలో కుంగిన కథ మీకు తెలిసిందే. చక్రం ఎత్తేదాకా ఆగమన్నాడు కర్ణుడు. ఆగొద్దన్నాడు కృష్ణుడు. మావాడి గోడూ అదే!

అయితే ఆట నడిపే కంప్యూటరు గోడు కూడా వినాలి. ఇద్దరి ఫోన్ల నుంచీ దానికి కబుర్లు అందుతూ ఉంటాయి. కబురు ఆగిందన్నది దానికి తెలుస్తుంది గాని, ఎందుకు ఆగిందో తెలియదు. అడవి అంచు ఊళ్ళో సిగ్నలు పోయిందా? ఓడిపోతున్నానని కావాలనే నెట్ కట్టేశాడా? దానికి రెండూ ఒకటే. పోయినవాడికి ఓటమి లేదంటే, ఓడే ప్రతివాడూ నెట్ కట్టేస్తాడు. ఓటమేనంటే మావాడిలాంటివాళ్ళు బలి.

ప్రపంచ పోటీల్లోనే ఈ చిక్కు వచ్చింది. 2020లో ఆన్‌లైన్ చెస్ ఒలింపియాడ్ జరిగింది. మన కోనేరు హంపి, ద్రోణవల్లి హారిక, పెంటేల హరికృష్ణ భారత జట్టులో ఉన్నారు. క్వార్టర్ ఫైనల్లో ఆర్మీనియా ఆటగాడి కనెక్షన్ తెగింది. వాళ్ళ అప్పీలు కొట్టేశారు. వాళ్ళు అలిగి తప్పుకున్నారు, మనం ముందుకెళ్ళాం. ఫైనల్లో రష్యాతో ఆడుతుంటే మన నిహాల్ సరీన్, దివ్యా దేశ్‌ముఖ్‌ల కనెక్షన్ తెగి టైము అయిపోయింది. ఈసారి అప్పీలు మనది! చివరికి రెండు జట్లకీ స్వర్ణం ఇచ్చారు.

గోల్ఫులో ఒక వెసులుబాటు ఉంది. ఎవరి బంతి వారిదే. కాబట్టి బంతి ఎక్కడుందో గుర్తుపెట్టుకుని, కాసేపు ఆగి, తిరిగొచ్చినవాణ్ణి అక్కడి నుంచే ఆడనివ్వచ్చు. మాటిమాటికీ మాయమయ్యేవాళ్ళ లెక్క రాసి, వాళ్ళకి వాళ్ళనే జోడీ కట్టొచ్చు. మన టాకీసుల్లో కరెంటు పోతే టిక్కెట్టు చెల్లదనేవారా? వచ్చాక బొమ్మ ఆగిన చోటి నుంచే వేసేవారు కదా!

ఇంతా చెప్తుంటే మావాడు నసిగాడు. ముందురోజు ఎదుటివాడి నెట్ పోతే వీడే గెలిచాట్ట! "అప్పుడు గుర్తు రాలేదేంరా న్యాయం?" అన్నాను. తల గోక్కున్నాడు.

అప్పుడు బాబీ జోన్స్ కథ చెప్పాను. 1925 అమెరికా ఓపెన్లో తన బంతి కదిలిందని, ఎవరూ చూడకపోయినా, తానే చెప్పి ఒక దెబ్బ జరిమానా వేసుకున్నాడు. ఆ ఒక్క దెబ్బ లేకుంటే కప్పు అతనిదే!

సాయంత్రం మావాడు మళ్ళీ ఆడాడు. మధ్యలో ఎదుటివాడు మాయం. గెలిచావని తెరమీద బాజాలు మోగాయి. మావాడు మాత్రం ఎగరలేదు.

"పాపం, వాళ్ళూర్ల కూడ సిగ్నల్ లేదేమో మామా!" అన్నాడు.

మరి మీ తీర్పేమిటి? వచ్చే వారం కలుద్దాం.