సొమ్ములంటే సొమ్ములు కావేటి?

పోయినవారం మా టీములో ఒక చిన్న గొడవ జరిగింది. చిన్నదే, కానీ ఒళ్ళుమంట ఇంకా తగ్గలేదు, అందుకే రాస్తున్నా. తెలుగులో వెతుక్కునే ఒక అప్లికేషన్ కోసం పర్యాయపదాల లిస్టు తయారు చేస్తున్నాం. యూజరు ఒక మాట కొడితే దాని చుట్టాలు కూడా దొరకాలన్నమాట. ‘సొమ్ము’ నా వాటాకొచ్చింది. డబ్బు, ధనం, ద్రవ్యం, పైకం, రొక్కం, నగదు, సొత్తు, నగలు అని రాసి, కింద ఇంకో అర్థంగా ‘పశువులు: ఆవులు, ఎడ్లు, గేదెలు’ అని చేర్చాను. మర్నాటికల్లా రివ్యూలో ఆ లైను ఎగిరిపోయింది. పక్కన ఒక కామెంటు: "లోకల్ యాస, తీసేశాను. పశువులకీ సొమ్ముకీ ఏం సంబంధం? :)"

ఆ చివర్న నవ్వు మొహం ఉంది చూశారూ, నన్ను మండించింది అదే.

మాది పాతపట్నం దగ్గర ఒక పల్లె. నీలమణి దుర్గ అమ్మవారి ఊరంటే కొందరికి తెలుస్తుంది, లేకపోతే పర్లాకిమిడి పక్కనే అని చెప్పుకోవాలి. మావైపు సొమ్ములంటే పశువులు. సొమ్ములు కాస్తారు, తోలుకెళ్తారు, సొమ్ములసాలలో కట్టేస్తారు. పెళ్ళయిన కొత్తలో మా ఆవిడ (వాళ్ళది తెనాలి వైపు) "సొమ్ములకి కుడితి ఎట్టీసినావేటే" అని మా అమ్మ ఎవర్నో అడగడం విని, బీరువా వైపు చూసి బిత్తరపోయింది. ఆ కథ మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకుంటాం. నవ్వులాటగా ఉన్నంతసేపూ నాకే అభ్యంతరం లేదు.

నవ్వు రానిది ఇంకోటుంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను మా జిల్లా మీద పడింది. మా మావయ్య సొమ్ములసాల కూలి రెండు పాడి ఆవులు చచ్చిపోయాయి. రెంటికీ ఇన్స్యూరెన్సుంది, చెవులకి ట్యాగులున్నాయి. మర్నాడు సిగ్నలు కోసం పాతపట్నం దాకా నడిచొచ్చి హెల్ప్‌లైనుకి ఫోన్ చేశాడు. ఆ కంపెనీ ఏదో చెప్పను, ఇక్కడ దాని పేరుతో పనిలేదు. "సొమ్ములు రెండు పోనాయి బాబూ, తుఫాన్లో" అన్నాడు. అవతలి అబ్బాయి మర్యాదగానే అడిగాడు, "డబ్బా అండీ, బంగారమా?" అని. మావయ్య ఏడుస్తూ "బంగారమే బాబూ, బంగారంలాంటి సొమ్ములు" అన్నాడు.

బంగారం అని రాసుకున్నారు. బంగారం ఈ పాలసీ కిందకి రాదు కాబట్టి ఫిర్యాదు మూసేశారు.

ఇదేమీ తెలియని మావయ్య పశువుల డాక్టరొస్తాడని ఎదురుచూశాడు. రెండ్రోజులు చూసి, వాసన భరించలేక పాతిపెట్టేశాడు. నేను బెంగుళూరు నుంచి ఫోన్ చేసి సంగతి తేల్చేసరికి పోస్టుమార్టం చేయించడానికి ఏమీ మిగల్లేదు. ట్యాగులున్నాయి, సర్టిఫికెట్ లేదు. పైసా రాలేదు. "ఏరా, సొమ్ములంటే సొమ్ములు కావేటి?" అని అడిగాడు నన్ను. ఆయనకి ఇప్పటిదాకా జవాబు చెప్పలేకపోయాను.

ఆ అబ్బాయి తప్పు పెద్దగా లేదు. అతని ముందున్న తెరమీద ఆ మాటకి ఆ అర్థం లేదు, అంతే. ఆ తెర వెనకాల లిస్టులు రాసేది ఎవరు? మనం.

సరే, సంబంధం ఏమిటని అడిగారు కదా, చెబుతాను. సొమ్ము అంటే మొదట్నుంచీ ‘తనది, విలువైనది’ అని. నిఘంటువులు దీన్ని సంస్కృతం ‘స్వం’ దాకా తీసుకెళ్తాయి, అంటే తన సొంతం. ఎవడికి ఏది విలువైతే అది వాడి సొమ్ము. బ్యాంకులో ఉన్నవాడికి డబ్బు, మెడలో ఉన్నావిడకి నగ, సాలలో ఉన్నవాడికి ఆవు. ఇందులో యాస ఎక్కడుంది? విరాటపర్వంలో కౌరవులు మత్స్యదేశం మీదకి సైన్యంతో వచ్చింది ఖజానా కోసం కాదు, ఆలమందల కోసం. గోధనం అని సంస్కృతంలో అంటే శాస్త్రం, సొమ్ములు అని మా మావయ్య అంటే యాసా?

తమిళంలో ‘మాడు’ అంటే పశువు, పాత తమిళంలో సంపద కూడా. తిరుక్కురళ్‌లో ఆ అర్థంలోనే వాడారు. లాటిన్లో డబ్బుని పెకూనియా అనేవాళ్ళు, అది పశువుల మంద అనే పెకుస్ నుంచి వచ్చింది. మనం రోజూ వాడే ఇంగ్లీషులో కాటిల్, కాపిటల్ ఒకే తల్లి బిడ్డలు. మీ స్టార్టప్ కాపిటల్‌కి ఆవుతో చుట్టరికం ఉంటే అది ‘ఇంట్రెస్టింగ్ ఎటిమాలజీ’ అవుతుంది, మీటింగులో చెప్పుకుని మురుస్తాం. పాతపట్నంలో ఉంటే మాత్రం డిలీట్.

అసలు ఆ లిస్టులో ఉన్నవన్నీ ఒకటేననుకోవడమే పొరపాటు. సొత్తు అనగానే దొంగలూ పోలీసులూ గుర్తొస్తారు. రొక్కం అంటే చేతిలో ఉండాలి. ‘సొమ్మొకడిది సోకొకడిది’లో సొమ్ము తీసి నగదు పెట్టి చూడండి, సామెత చచ్చిపోతుంది. డబ్బు అనేది ఒకప్పుడొక నాణెం పేరు, ఇప్పుడు మొత్తం ధనానికే పేరైంది, దాన్నెవరూ ప్రశ్నించలేదు. కడప వైపు ‘లెక్క’ అంటే డబ్బు. అదీ చేర్చాను, అదీ పోయింది. ‘పైసలు’ మాత్రం ఉంచారు, అందరికీ తెలుసు కాబట్టట. అందరూ అంటే మన టీము!

ఇంకో వాదన కూడా వచ్చింది, రెండు అర్థాలుంటే మిషన్ కన్‌ఫ్యూజ్ అవుతుందని. ఇది వాదనలా కనిపించే బద్ధకం. ‘సొమ్ము కట్టేశావా’ అంటే బిల్లు, ‘సొమ్ములు కట్టీసినావా’ అంటే పలుపుతాడు. నిజమే, ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. కానీ చుట్టూ చూస్తే తెలిసిపోతుంది కదా. కాసేవి, తోలేవి, మేసేవి, ఈనేవి ఒకరకం. దాచేవి, పెట్టుకునేవి, ఖర్చయ్యేవి ఇంకోరకం. పక్కన మేత, కుడితి, సాల ఉంటే పదేళ్ళ పిల్లాడికి కూడా అనుమానం రాదు. ఇంగ్లీషులో బ్యాంకుకీ ఏటిగట్టుకీ తేడా నేర్పడానికి ఎంత తిప్పలు పడ్డారో మనందరం చదువుకున్నాం. ఆ తిప్పల్లో పదోవంతు చాలు. కానీ అర్థమే లిస్టులో లేకపోతే ఎంత గొప్ప మోడలైనా చేసేదేమీ లేదు.

నిజానికి మనదగ్గర పనిముట్లు లేకనా? భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1962లోనే వ్యవసాయం మీద మాండలిక వృత్తి పదకోశం తెచ్చారు. రైతుల దగ్గరికి మనుషుల్ని పంపి, ఏ ప్రాంతంలో ఏమంటారో రాయించారు. మావైపు మాటలతో రాసిన కథలు కావాలంటే శ్రీకాకుళంలో కారా మాస్టారు 1997లో పెట్టిన కథానిలయం ఉంది. వెళ్ళాలన్న బుద్ధి ఉండాలి.

ఇక అన్నిటికంటే నాకు కడుపుమంట ఎక్కడంటే, ఏటా ఆగస్టు 29న మా ఆఫీసులో తెలుగు భాషా దినోత్సవం చేస్తారు. పంచెలు, పులిహోర, గిడుగు రామమూర్తిగారి ఫొటోకి దండ. ఆయన పుట్టింది 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో. 1880 నుంచి పాఠాలు చెప్పింది పర్లాకిమిడిలో, మా ఊరికి పక్కనే. సవరల దగ్గర కూర్చుని వాళ్ళ భాష నేర్చుకుని, దానికి నిఘంటువు చేసినాయన. లిపి లేని భాషలో ఒక్కో మాటా ఏరుకున్న మనిషి ఫొటోకి దండ వేసిన చేత్తోనే, ఆయన పెరిగిన నేలమీద మాటని ‘లోకల్’ అని కొట్టేశారు.

నేనేదో శుద్ధుణ్ణని కాదు. కాలేజీలో ఒకసారి ‘ఏటి’ అన్నందుకు క్లాసంతా సినిమా కమెడియన్ గొంతుతో నన్ను అనుకరించింది. ఆ తర్వాత పదిహేనేళ్ళు నా నోట ‘సొమ్ములు’ రాలేదు. ఆఫీసర్ల ముందు ‘పశువులు’ అనడం మావాళ్ళు కూడా నేర్చుకున్నారు. మావయ్యకి ఆ తెలివి సమయానికి రాలేదు, అంతే. దుఃఖంలో ఉన్న మనిషి నోటికి ఇంటిమాటే వస్తుంది.

ఆ లైను మళ్ళీ చేర్చి, నిన్న రివ్యూకి పంపాను. కామెంటులో మావయ్య ఫోన్ సంగతి రాశాను. ఇవాళ సాయంత్రానికి ఇంకా ఎవరూ ముట్టుకోలేదు.