చిన్న పందెం, పెద్ద రాత్రి



ఉద్యోగపు పని మీద గోవాకో, సింగపూరుకో, లాస్ వేగాస్‌కో వెళ్లి వచ్చిన మన ప్రాంతపు యువకులు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటున్నది. "డాక్టరు గారూ, సాయంత్రం సమావేశాలు ముగిశాక కాసినోలో కూర్చుని వీడియో పోకర్ ఆడాను. పందెం చాలా చిన్నది. ఇందులో ఆరోగ్యానికి వచ్చే హాని ఏమైనా ఉన్నదా?" మద్యం గురించి, పొగాకు గురించి నేను ఇంతకుముందు ఎన్నోసార్లు వ్రాశాను. జూదాన్ని మాత్రం నీతిశాస్త్రానికే వదిలివేయడం మనకు అలవాటైపోయింది. అది వైద్యులు మాట్లాడవలసిన విషయం కూడా అని నా నిశ్చితాభిప్రాయం. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణలో జూద రుగ్మతకు ప్రత్యేక స్థానం ఉన్నది. అమెరికా మనోవైద్యులు 2013లో తమ గ్రంథాన్ని సవరించినప్పుడు దానిని మద్యం, మాదకద్రవ్యాల వ్యసనాలున్న అధ్యాయంలోకే చేర్చారు.

ముందుగా ఆ యంత్రానికి న్యాయం చేద్దాం. వీడియో పోకర్ యంత్రం తెర మీద ఐదు పేకముక్కలు చూపిస్తుంది. వాటిలో మీకు కావలసినవి ఉంచుకుని, తక్కినవి మార్చుకోవచ్చు. చివరికి చేతిలో మిగిలిన ముక్కలను బట్టి యంత్రం చెల్లిస్తుంది. జాకీల జత గాని, అంతకంటే పై జత గాని వస్తే మీ పందెం మీకు తిరిగి వస్తుంది. ఫుల్ హౌస్‌కు తొమ్మిది రెట్లు, ఫ్లష్‌కు ఆరు రెట్లు ఇచ్చే యంత్రం మీద ఒక్క పొరపాటు కూడా లేకుండా ఆడితే, దీర్ఘకాలంలో పెట్టిన ప్రతి వంద రూపాయలకు 99 రూపాయల 54 పైసలు తిరిగి వస్తాయి. కాసినోలోని ఆటలలో ఆటగానికి ఇంత దయ చూపేవి చాలా తక్కువ. అదే యంత్రంలో ఆ రెండు చెల్లింపులను ఎనిమిదికి, ఐదుకు తగ్గిస్తే ఆ అంకె 97.3కు పడిపోతుంది. తెర, బొత్తాములు, రంగులు మాత్రం ఏమీ మారవు.

ఇప్పుడు చిన్న పందెం లెక్క చూడండి. ఆటకు ఐదు రూపాయలనుకుందాం. చేయి తిరిగినవాడు గంటకు ఆరు వందల ఆటలు ఆడగలడు. అంటే ఆ ఐదు రూపాయలు గంటలో మూడు వేల రూపాయల పందెం అవుతుంది. నాలుగు రాత్రులు, రాత్రికి మూడు గంటలు కూర్చుంటే 7,200 ఆటలు, 36 వేల రూపాయల పందెం. మంచి యంత్రం మీద తప్పు లేకుండా ఆడినవానికి సగటు నష్టం సుమారు 165 రూపాయలు. రెండవ రకం యంత్రం మీదనైతే వెయ్యికి కొంచెం తక్కువ. ఈ అంకెలు చూసి "ఇదేనా! సినిమా ఖర్చుతో సమానం" అని మీరు అనవచ్చు. అనండి, నాకు అభ్యంతరం లేదు. అయితే అందులో ఒక మెలిక ఉన్నది. ఆ 99.54లో దాదాపు రెండు రూపాయలు రాయల్ ఫ్లష్ అనే ఒకే ఒక్క మహాభాగ్యం నుండి రావాలి. అది సుమారు 40 వేల ఆటలకు ఒకసారి వస్తుంది. 7,200 ఆటలు ఆడిన ఆరుగురిలో ఐదుగురికి దాని ముఖం కూడా కనబడదు. పైగా సగటు అన్న మాట వెనుక ఒకరు మూడు వేలు పోగొట్టుకోవడమూ, ఇంకొకరు రెండు వేలు గెలుచుకోవడమూ రెండూ దాగి ఉంటాయి. నా అనుభవంలో ఆ గెలిచినవాని గురించే ఎక్కువ చింతించాలి. ఓడినవాడు నిద్రపోతాడు, గెలిచినవాడు మరునాటి సాయంత్రం కోసం ఎదురుచూస్తాడు.

మన అనంతపురం ప్రాంతానికి చిన్న పందెం కొత్త కాదు. మట్కా చీటీ చూడని వీధి హిందూపురంలో గాని, ధర్మవరంలో గాని ఒకప్పుడు ఉండేదా? బొంబాయిలో న్యూయార్క్ పత్తి ధరల మీద కాసిన పందెంగా మొదలైన ఆ ఆట, మన దగ్గరకు వచ్చేసరికి రెండంకెల సంఖ్య మీద పది రూపాయలు కాయడంగా మారింది. నూరు సంఖ్యలలో ఒకటి తగలాలి, తగిలితే రూపాయికి ఎనభై ఇస్తారు. అంటే నూటికి ఇరవై రూపాయలు మొదటే బీటరుకు సమర్పితం. వీడియో పోకర్‌తో పోలిస్తే ఇది పగటి దోపిడీ. అయినా మట్కా ఆడేవాడు చీటీ వ్రాయించి, ఓపెన్, క్లోజ్ అంకెల కోసం గంటల తరబడి కాచుకోవాలి. ఆ నిరీక్షణలో మగ్గం నేస్తాడు, భోజనం చేస్తాడు, ఇల్లాలితో పోట్లాడతాడు. యంత్రం ఆ విరామం ఇవ్వదు. ఆరు సెకన్లకు ఒక ఫలితం, మళ్లీ ఆరు సెకన్లకు ఇంకొకటి. కనుక మిత్రులారా, పందెం పరిమాణం ఎంత అని నన్ను అడిగేవారిని నేను తిరిగి అడిగేది ఒకటే. గంటకు ఎన్నిసార్లు?

ఈ ప్రశ్నకు శరీరధర్మశాస్త్రపు కారణం ఉన్నది. ఎన్ని ప్రయత్నాల తరువాత ప్రతిఫలం వస్తుందో తెలియనప్పుడు జీవి ఆ పనిని ఎక్కువగా, ఎక్కువ కాలం చేస్తుందని స్కిన్నర్ పావురాలతో నిరూపించాడు. మెదడులో డోపమిన్‌ను విడుదల చేసే కణాలు, ముందే తెలిసిన బహుమతికంటే అనుకోని బహుమతికి తీవ్రంగా స్పందిస్తాయని వోల్ఫ్రాం షుల్ట్స్ కోతులలో చూపించాడు. వీడియో పోకర్‌లో నూటికి 45 ఆటలలో ఏదో ఒకటి తిరిగి వస్తుంది. అందులో దాదాపు సగం మీ రూపాయలే మీకు ఇవ్వడం. తెర మాత్రం దానిని కూడా విజయంగానే మ్రోగిస్తుంది. లాస్ వేగాస్‌లో యంత్రాల ముందు కూర్చునేవారిని ఏళ్ల తరబడి పరిశీలించిన నటాషా షుల్ అనే మానవశాస్త్రవేత్త, వారిలో చాలామంది గెలుపు కోసం కాక, లోకం మరచిపోయే ఆ స్థితిలో కొనసాగడం కోసమే ఆడుతున్నారని వ్రాసింది. నాకు ఈ మాట విన్నప్పుడల్లా మత్తుమందు గుర్తుకు వస్తుంది.

ఇక ఉద్యోగ యాత్ర సంగతి. మనిషి ఇంటిలో ఉన్నప్పుడు అతని సాయంత్రానికి కొన్ని కంచెలు ఉంటాయి. భార్య, పిల్లలు, పాలవాడు, పక్కింటి పెద్దాయన. యాత్రలో ఆ కంచెలు లేవు. కాలమండలం మారి నిద్ర పట్టదు. హోటలు గది నుండి ఎలివేటరు దిగితే జూదశాల మధ్యలోకే వస్తారు. లాస్ వేగాస్‌లో విమానం దిగి సామాను తీసుకోక ముందే యంత్రాలు ఎదురవుతాయి. పనాజీలో మాండవీ నది మీద ఓడలు వెలుగుతూ కనబడతాయి. ఆడుతున్నంతసేపు మద్యం చేతికి అందుతూనే ఉంటుంది. నిద్రలేమి, మద్యం, ఒంటరితనం మూడూ కలిసి నిర్ణయశక్తిని కుంటుపరుస్తాయి. కంపెనీ పని మీద వెళ్లినవారిని ఉత్సాహపరచడానికి కాసినో సాయంత్రం ఏర్పాటు చేసే యాజమాన్యాలు ఈ విషయం ఆలోచించాలి. డీలర్లకు బహుమతి యాత్ర పేరుతో జూదశాల టికెట్టు ఇవ్వడం నా దృష్టిలో బాధ్యతారాహిత్యం.

మన ఊళ్లకు పని మీద వచ్చేవారి సంగతి కూడా ఇంతే. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019లో కార్ల ఉత్పత్తి మొదలైనప్పటి నుండి, కొరియా నుండి, చెన్నై నుండి, పుణే నుండి ఎందరో వచ్చి వెళుతున్నారు. (కొరియా పౌరులకు స్వదేశంలో ప్రవేశం ఉన్న కాసినో ఒక్కటే. అది మూతపడిన బొగ్గుగనుల ప్రాంతంలో 2000లో తెరిచిన కాంగ్వోన్ ల్యాండ్. కరువు ప్రాంతానికి ఉపాధి పేరుతో ఏమేమి వస్తాయో అని నేను ఒక్కోసారి అనుకుంటాను. మనకు కార్లు వచ్చాయి, అది మన అదృష్టం.) హిందూపురం లాడ్జి గదిలో కాసినో లేదు, కాని చరవాణి ఉన్నది. ఆంధ్రప్రదేశ్ 2020లోనే తన జూద చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ రమ్మీ, పోకర్లను నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నింటినీ దేశమంతటా నిషేధిస్తూ చట్టం చేసింది. నేను ఈ చట్టాన్ని మనసారా స్వాగతించాను. అయితే విదేశాల నుండి నడిచే యాప్‌లు టెలిగ్రామ్ లంకెల ద్వారా ఇప్పటికీ తలుపు తడుతూనే ఉన్నాయి. చట్టం అంగడిని మూయగలదు. ఖాళీ సాయంత్రాన్ని మనమే నింపుకోవాలి.

నింపుకోవడానికి ఇక్కడ ఏమి లేదు చెప్పండి! హిందూపురం నుండి లేపాక్షి అరగంట ప్రయాణం. ఏకశిలా నందిని చూసి, వీరభద్రాలయంలో వ్రేలాడే స్తంభం క్రింద కండువా జార్చి ఫొటో తీసుకుని తిరిగి వచ్చేస్తారు చాలామంది. నాట్యమండపం కప్పు క్రింద మెడ ఎత్తి అరగంట నిలబడండి. ఆ చిత్రాలలోని చీరల అంచులు చూశాక ధర్మవరం అంగడిలో అడుగు పెడితే, నేతగాళ్ల కళ్లకు ఆ రంగులు ఎక్కడివో ఊహించవచ్చు. అసంపూర్తిగా మిగిలిన కల్యాణమండపం దగ్గర గోడ మీద రెండు ఎర్రని మచ్చలు చూపిస్తారు. కోశాగారపు ధనాన్ని అనుమతి లేకుండా ఖర్చు చేశాడన్న నిందకు విరూపణ్ణ తన కళ్లు తానే పెరికి విసిరాడని స్థలకథనం. కంపెనీ కార్డు జేబులో ఉన్నవారు ఆ గోడ ముందు కాసేపు ఆగితే తప్పు లేదు.

పెనుకొండకు ఉదయం ఆరింటికే వెళ్లాలి. 1565లో తళ్లికోట యుద్ధం తరువాత తిరుమలరాయలు విజయనగర రాజధానిని తరలించినది ఇక్కడికే. గగన్ మహల్ చూసి, బాబయ్య దర్గాలో కూర్చుని, ఓపిక ఉంటే కొండ ఎక్కండి. మోకాళ్ల నొప్పులున్నవారు, మొన్ననే స్టెంటు వేయించుకున్నవారు క్రిందనే ఆగండి, క్రింద కూడా చూడదగినది చాలా ఉన్నది. నీళ్లు వెంట తీసుకుని ఎండ ముదరక ముందే దిగివస్తే, ఆ రాత్రి నిద్రమాత్ర అక్కరలేదు. ఇది నేను రోగులకు వ్రాసి ఇచ్చిన మందే.

ధర్మవరానికి జూదంతో ఒక సాహిత్య సంబంధం కూడా ఉన్నది. ఆంధ్ర నాటక పితామహుడైన ధర్మవరం రామకృష్ణమాచార్యులు ఈ ఊరివారు. ఆయన తొలినాళ్ల నాటకం 'చిత్రనళీయము'. పాచికలాడి రాజ్యం పోగొట్టుకున్న నలుని కథ అది. భారతంలోని ఆ కథలో నలుడు అక్షహృదయమనే విద్య నేర్చుకున్నది తాండ్ర చెట్టు క్రింద. మనం విరేచనం సాఫీగా కావాలని మింగే త్రిఫల చూర్ణంలోని తానికాయ ఆ చెట్టుదే. వేదకాలంలో పాచికలుగా వాడినది ఆ కాయలనే. ఆ చెట్టు నాకు ఔషధంగానే పరిచయమవడం నా అదృష్టం.

ఆడకుండా ఉండలేనివారికి ఒక్క మాట. ఆ రాత్రికి పోయినా బాధ లేని నగదు మాత్రమే జేబులో పెట్టుకుని, కార్డును, ఫోనును గదిలో ఉంచి దిగండి. గెలిచినది మళ్లీ యంత్రంలో వేయకండి. ఇంటికి వచ్చాక మిమ్మల్ని మీరు రెండు ప్రశ్నలు అడగండి. పందెం పెంచాలనిపించిందా? ఎంత ఆడానో ఇంటివారికి అబద్ధం చెప్పానా? వైద్యులు తొలి పరీక్షగా వాడే ప్రశ్నలు ఇవే. ఏ ఒక్కదానికి అవునని వచ్చినా, అది ఐదు రూపాయల పందెమైనా సరే, వైద్యునితో మాట్లాడవలసిన సమయం వచ్చినట్లే.

ఇంకొక విషయం, చాలామందికి తెలియనిది. పార్కిన్సన్ వ్యాధికి, కాళ్లలో చికాకుతో నిద్ర పట్టని వ్యాధికి ఇచ్చే ప్రామిపెక్సోల్, రోపినిరోల్ వంటి మందులు కొందరిలో జూదపు కోరికను రేపుతాయి. జీవితంలో పేకముక్క ముట్టని పెద్దమనిషి అరవై ఐదవ ఏట లాటరీలకు, ఫోను ఆటలకు అలవాటు పడితే, అతని నీతిని శంకించకముందు మందుల చీటీ చూడండి. మందును మీ అంతట మీరు ఆపకండి. ఒక్కసారిగా ఆపడం ప్రమాదం. వ్రాసిన వైద్యుని దగ్గరకు వెళితే మోతాదు తగ్గించడమో, మందు మార్చడమో చేస్తారు. చాలామందిలో ఆ కోరిక మందుతోపాటే తగ్గిపోతుంది.

ఇంటిలోని ఇల్లాళ్లకు, తల్లిదండ్రులకు చెప్పవలసినది ఉన్నది. అప్పు బయటపడిన రోజున నగలు తాకట్టు పెట్టి దానిని తీర్చివేయడం మన ఆచారం. చికిత్స మొదలు కాకముందు అలా తీర్చితే, అది తరువాతి పందానికి పెట్టుబడి అవుతుంది. ముందు అతనిని కూర్చోబెట్టి మాట్లాడండి, జీతం ఖాతా మరొకరి చేతికి వచ్చేలా చూడండి, అప్పులవాళ్లతో గడువు మాట్లాడండి. ఆత్మహత్య మాట అతని నోట వస్తే తేలికగా తీసుకోకండి. జూదపు అప్పులలో ఉన్నవారికి ఆ ప్రమాదం నిజంగా ఎక్కువ. ఆ క్షణం నుండి ఒంటరిగా వదలకండి. టెలీ మానస్ వారి 14416 సంఖ్యకు ఏ వేళనైనా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు, రుసుము లేదు. హిందూపురం వారికి బెంగళూరు నిమ్హాన్స్ సుమారు నూరు కిలోమీటర్లు. ఉదయపు రైలు ఎక్కితే సాయంత్రానికి ఇల్లు చేరవచ్చు.